రాత్రి పది దాటినా ఆగని మైకు: తిరుపతివాసుల సందేహాలు, సమాధానాలు

పెళ్లి ముహూర్తాలు, వినాయక చవితి, జాతరలు, పుట్టినరోజు డీజేలు, బోరు బండ్లు. తిరుపతిలో నిద్ర చెడిపోవడానికి ఏడాది పొడవునా ఏదో ఒక కారణం ఉంటుంది. మా కాలనీ సంక్షేమ సంఘాన్ని జనం అడిగే సందేహాలు మాత్రం అటూ ఇటుగా అవే. అందుకే వాటిని ఒకచోట చేర్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు, మొదటి నుంచి చదవాల్సిన పని లేదు. చిత్తూరువాసులకూ ఇవే సమాధానాలు పనికివస్తాయి. చట్టం దేశమంతటా ఒకటే, అధికారులు మాత్రం మారతారు.

## ఫిర్యాదుకు ముందు

శబ్దం మీద నిజంగా చట్టం ఉందా? ఇరుగుపొరుగు సర్దుకుపోవలసిన విషయమే కదా?

చట్టం ఉంది, స్పష్టంగానే ఉంది. పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986 కింద కేంద్ర ప్రభుత్వం 2000లో శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు తెచ్చింది. అధికారుల రాతపూర్వక అనుమతి లేకుండా లౌడ్ స్పీకర్ వాడకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్ స్పీకర్లే కాదు, వాద్యాలు కూడా మోగించకూడదు. ప్రశాంతంగా బతకడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2005 జులైలో ఇచ్చిన తీర్పులో చెప్పింది. సర్దుకుపోవడం మంచి గుణమే. అయితే మంచం మీద ఉన్న రోగినీ, తెల్లవారితే పరీక్ష రాయాల్సిన పిల్లనూ ఎవరూ సర్దుకోమనలేరు.

ఎంత శబ్దం వరకు భరించాలి? అంకెల్లో చెప్పండి.

నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. దుకాణాలుండే వాణిజ్య ప్రాంతంలో పగలు 65, రాత్రి 55. పారిశ్రామిక ప్రాంతంలో 75, 70. నిశ్శబ్ద మండలంలో 50, 40. ఇక్కడ పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు. ఇవి కొంతసేపటి సగటు మీద చూసే అంకెలు, ఒక్క క్షణం ఎగసిన మోత మీద కాదు.

ఈ అంకెలు మామూలు కూడికల్లా నడవవు. 10 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి పది రెట్లు పెరుగుతుంది, చెవికి దాదాపు రెండింతలుగా వినిపిస్తుంది. "అరవై ఐదే కదా, యాభై ఐదుకు ఎంత తేడా" అని ఎవరైనా అంటే ఈ లెక్క చెప్పండి.

రాత్రి పదిలోపు ఎంత మోగించినా నోరు మూసుకోవాల్సిందేనా?

అక్కర్లేదు. పది గంటల గీత రాత్రికి సంబంధించినది, పగటికి కూడా పరిమితి ఉంది. బహిరంగ స్థలంలో లౌడ్ స్పీకర్ పెడితే ఆ స్థలం సరిహద్దు దగ్గర శబ్దం ఆ ప్రాంతపు పరిమితి కంటే 10 డెసిబెల్స్‌కు మించకూడదు, ఏ పరిస్థితిలోనూ 75 దాటకూడదు. నివాస వీధిలో పగటి లెక్క 65 అన్నమాట. ప్రైవేటు స్థలంలో సొంత సౌండ్ సిస్టమ్ అయితే వెసులుబాటు 5 డెసిబెల్స్ మాత్రమే. ఎంత తక్కువ మోగినా లౌడ్ స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి ఉండాలి.

అయినా పగటి ఫిర్యాదు కొంచెం కష్టం. ఎంత మోగిందో కొలిచి చూపాలి. రాత్రి పది దాటాక ఆరుబయట మోగే స్పీకర్‌కు ఆ కొలత అవసరం లేదు. మోగుతోందంటే ఉల్లంఘన జరిగినట్టే. మీ ఓపికను, వీధిలో మీకున్న పలుకుబడిని ముందు రాత్రి మోత మీదే ఖర్చు పెట్టండి.

ముందు వెళ్లి మాట్లాడాలా, నేరుగా పోలీసులకు చెప్పాలా?

మాట్లాడే వీలుంటే ముందు మాట్లాడాలి. ఎప్పుడు మాట్లాడతామన్నదే ముఖ్యం. రాత్రి పదకొండింటికి, అందరూ ఊపులో ఉన్నప్పుడు, నిద్ర చెడిన కోపంతో వెళ్తే ఆ మాట ఎక్కదు. మధ్యాహ్నం ఆటోలోంచి బాక్సులు దించుతున్నప్పుడు వెళ్లండి. ఒంటరిగా వద్దు, వీధిలో ఒక పెద్దాయననో పెద్దమ్మనో తోడు తీసుకెళ్లండి. మాట్లాడవలసింది వేడుక చేసే ఇంటి పెద్దతో. సౌండ్ కుర్రాడు డబ్బిచ్చినవారి మాట వింటాడు, మీ మాట కాదు.

అడిగేది చిన్నదిగా, చేయగలిగేదిగా ఉండాలి. "శబ్దం తగ్గించండి" అంటే అందరూ తలూపుతారు, ఏమీ మారదు. ఒకసారి ఆ స్టాండును దగ్గరగా చూడండి. కింద రెండు పెద్ద బేస్ బాక్సులు, వాటి మీద వరుసగా చిన్నవి, అన్నిటి ముఖమూ నేరుగా ఎదురింటి పడకగది కిటికీ వైపు. వాటినే షామియానా లోపలికి, కూర్చున్న జనం వైపు తిప్పిస్తే ఎదురింటికి మోత బాగా తగ్గుతుంది. "స్వామీ, ఈ రెండు బాక్సులూ లోపలికి తిప్పించండి, పది గంటలకు ఆపించండి, మా ఇంట్లో బాలింత ఉంది" అని అడిగితే చాలామంది కాదనరు. గోడలను అదరగొట్టేది బేస్. మిక్సర్ మీద ఆ ఒక్క గుండీ తగ్గించినా వేడుకకు లోటు రాదు.

తాగి ఉన్నవారితో, పాత కక్షలున్నవారితో మాత్రం మాట్లాడబోవద్దు. అక్కడ నేరుగా పోలీసులే.

గుడి మైకు మీద ఫిర్యాదు చేస్తే పాపం కదా? మసీదు, చర్చి సంగతేమిటి?

తిరుపతిలో ఈ ప్రశ్న అడగని ఇల్లు ఉండదు. నిబంధన గుడికీ, మసీదుకూ, చర్చికీ ఒకటే. ఉదయం 6కు ముందు చట్టం దృష్టిలో రాత్రే. ఆ వేళ గోపురం మీదో మినార్ మీదో ఉన్న కోన్ స్పీకర్ వీధంతటికీ వినిపించేలా మోగకూడదు. చెన్నైలో ఒక చర్చికీ, పక్క కాలనీకీ నడిచిన వివాదంలో సుప్రీంకోర్టు 2000లో తీర్పు ఇస్తూ, ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదని తేల్చింది.

గర్భగుడి ముందు నిలబడి సుప్రభాతం పాడుకోవడాన్ని ఎవరూ ఆపమనరు. అడిగేదల్లా స్పీకర్ ముఖం వీధి వైపు కాకుండా ప్రాంగణం లోపలికి ఉండాలని, లోపల ఉన్నవారికి వినిపించేంత ఉంటే చాలని. అర్చకులతోనో, ఆలయ కమిటీ పెద్దలతోనో ఇలా మాట్లాడితే పని జరుగుతుంది. ఇంకొక్క మాట: అన్ని ప్రార్థనా స్థలాలకూ ఒకే కొలత పెట్టండి. సొంత మతం మైకును వదిలేసి ఎదుటి మతం మైకు మీదే కాగితం రాసేవారి ఫిర్యాదుకు విలువ ఉండదు, ఉండకూడదు కూడా.

గంగ జాతర రోజుల్లో, వినాయక నిమజ్జనం నాడు కూడా పదికే ఆపాలా?

పండుగలకు, సాంస్కృతిక సందర్భాలకు రాత్రి 10 నుంచి 12 వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఏడాది మొత్తం మీద అలాంటి రోజులు 15కు మించకూడదు. సడలింపు ఇచ్చిన రోజున కూడా అర్ధరాత్రి 12 చివరి గీత. ఊరేగింపుల్లో, ఉత్సవాల్లో వాద్యాలను నియంత్రించే అధికారం పోలీసు చట్టం, 1861లోని 30వ సెక్షన్ కింద పోలీసులకు ఉంది.

చట్టం పక్కన నా అభిప్రాయం కూడా చెబుతాను. తాతయ్యగుంట గంగమ్మ జాతర ఈ ఊరి ఇంటి పండుగ. బైరాగి వేషం, బండ వేషం కట్టి జనం వీధిలోకి వచ్చే ఆ వారం రోజులూ తప్పెట మోత మీద ఫిర్యాదు రాయడానికి నాకు చేయి రాదు. కానీ జాతర పేరు చెప్పి సందు చివర పెట్టే డీజే వేరు. అమ్మవారికీ దానికీ సంబంధం లేదు, పన్నెండు దాటితే దాని మీద నిస్సంకోచంగా ఫోన్ చేయండి.

పల్లెలో భారతం జరుగుతోంది, రాత్రంతా నాటకం. అదీ తప్పేనా?

చిత్తూరు పల్లెల్లో ద్రౌపదీ ధర్మరాజుల తిరునాళ్లంటే పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. తరాల నాటి ఆనవాయితీ. నిబంధన ప్రకారం ఆరుబయట మైకుకు ఇక్కడా మినహాయింపు లేదు. నాటకాన్ని ఆపించమని మాత్రం నేను అనను. ఒకప్పుడు ఈ నాటకం మైకు లేకుండానే ఆడేవారు. ఇప్పుడు చెట్టుకు కట్టిన కోన్ స్పీకర్లు పక్క ఊరి వైపు కూడా తిరిగి ఉంటాయి. పది దాటాక వాటిని ఆపేసి, వేదిక దగ్గరి చిన్న బాక్సులతో జనానికి వినిపించేంత పెట్టుకోమని ఉత్సవ కమిటీని ముందే అడగండి. చాలాచోట్ల వింటారు.

## మోత నడుస్తున్నప్పుడు

రాత్రి పదకొండైంది, డీజే ఆగలేదు. ఎవరికి ఫోన్ చేయాలి?

112కు చేయండి. 100కు చేసినా పోలీసులకే చేరుతుంది. మూడు సంగతులు తడబడకుండా చెప్పండి: ఎక్కడ, ఏమిటి, ఎప్పటి నుంచి. "ఫలానా వీధిలో, ఫలానా గుడి ఎదుట ఖాళీ స్థలంలో, ఆరుబయట లౌడ్ స్పీకర్లు. రాత్రి పది దాటినా మోగుతున్నాయి" అంటే చాలు. తిరుపతిలో ఒకే పేరుతో వీధులు చాలా ఉంటాయి. అందుకని దగ్గరి బస్ స్టాపో, పాఠశాలో గుర్తుగా చెప్పండి. మీ ప్రాంతం ఈస్ట్, వెస్ట్, అలిపిరి, ఎంఆర్‌పల్లి, ఎస్వీయూ క్యాంపస్, తిరుచానూరు స్టేషన్లలో దేని పరిధిలోకి వస్తుందో ముందే తెలుసుకుని, ఆ స్టేషన్ నంబరు ఫోనులో పెట్టుకుంటే సమయం కలిసి వస్తుంది. చిత్తూరులో వన్ టౌనా, టూ టౌనా అన్నది చూసుకోండి.

ఫోన్ చేసిన సమయం ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఈ చిన్న పని తరువాత చాలా పెద్ద సాయం చేస్తుంది.

ఫోన్ చేస్తే నా పేరు బయటికి వస్తుందా?

మీ నంబరు 112 వ్యవస్థలో నమోదవుతుంది. వేడుక చేసేవారికి మీ పేరు చెప్పవద్దని అడగవచ్చు, అడగండి. గస్తీకి వచ్చిన పోలీసులు మీ ఇంటి ముందు ఆగి తలుపు తట్టకుండా నేరుగా మోత ఉన్నచోటికే వెళ్లమని కూడా చెప్పండి. అయినా చిన్న వీధిలో ఎవరు చెప్పారో జనం ఊహిస్తారు. అందుకు మందు ఒక్కటే, ఒకరికి బదులు నలుగురు ఫోన్ చేయడం. నాలుగు ఇళ్ల నుంచి ఫోన్లు వెళ్తే స్టేషన్‌లోనూ తేడా కనిపిస్తుంది, వేలెత్తి చూపడానికీ ఒక్క ఇల్లు దొరకదు.

పోలీసులు వచ్చి వెళ్లగానే మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడేం చేయాలి?

మళ్లీ ఫోన్ చేయండి. ఇంతకుముందు ఫలానా సమయానికి ఫోన్ చేశామని, పోలీసులు వచ్చి ఆపించారని, మళ్లీ ఫలానా సమయానికి మొదలైందని చెప్పండి. రెండో ఫోన్‌కు సిగ్గుపడనక్కర్లేదు. మీ ఇంటి కిటికీ దగ్గరో మేడ మీదో నిలబడి ఒక నిమిషం వీడియో తీయండి. అందులో గోడ గడియారమో, పక్క ఫోనులో సమయమో కనిపించాలి. మనుషుల ముఖాల మీద, ముఖ్యంగా ఆడవాళ్ల మీద కెమెరా తిప్పవద్దు. మీకు కావలసింది మోత, సమయం, చోటు. ముఖాలు తీస్తే గొడవ శబ్దం మీది నుంచి మీ మీదికి మళ్లుతుంది.

ఫోనులో డెసిబెల్ యాప్ చూపిస్తే ఒప్పుకుంటారా?

సాక్ష్యంగా ఒప్పుకోరు. ఫోన్ మైకు మనిషి మాట కోసం తయారైనది, ఒక్కో ఫోన్ ఒక్కోలా చూపుతుంది. ప్రమాణీకరించిన సౌండ్ లెవల్ మీటరుతో అధికారులు కొలిచిందే లెక్క. అయినా యాప్ దండగ కాదు. మోత లేనప్పుడు ఒక అంకె, ఉన్నప్పుడు ఒక అంకె రాసుకుంటే ఎంత పెరిగిందో తెలుస్తుంది, ఏ రోజు ఎక్కువో తెలుస్తుంది.

డీజే విషయంలో ఒక చిక్కు ఉంది. నిబంధనల్లోని కొలత "ఏ" తూకం మీద నడుస్తుంది. మనిషి చెవికి లోతైన స్వరాలు తక్కువగా వినిపిస్తాయి కాబట్టి ఆ తూకం బేస్‌ను బాగా తగ్గించి లెక్కిస్తుంది. అందుకే కిటికీ అద్దాలు గజగజలాడుతున్నా మీటరు మీద అంకె అంతగా కనిపించకపోవచ్చు. గోడలు బేస్‌ను ఆపలేవు, తలుపులు వేసుకున్నా లోపలికి వస్తుంది. కొలవడానికి అధికారి వస్తే "బేస్ వల్ల అద్దాలు అదురుతున్నాయి, మంచం అదురుతోంది" అని విడిగా చెప్పి రాయించండి.

చావు ఇంటి దగ్గర పలకలు కొడుతున్నారు. ఫిర్యాదు చేయవచ్చా?

రాత్రి పది తరువాత వాద్యాల మీద నిషేధం దీనికీ వర్తిస్తుంది. కానీ ఫోన్ తీసే ముందు ఆగండి. ఆ ఇంటి బంధువుల్లో ఒకరిని పక్కకు పిలిచి "రాత్రికి ఆపి, పొద్దున ఎత్తేటప్పుడు కొట్టించండన్నా" అంటే వింటారు. దుఃఖంలో ఉన్న ఇంటికి పోలీసులను పంపడం ఆఖరి మాట.

"కల్యాణ మండపం లోపలే కదా" అంటున్నారు. లోపలైతే పది దాటినా చెల్లుతుందా?

నాలుగు గోడలు, పైకప్పు ఉన్న మూసిన హాలులో, లోపలివారికి వినిపించడానికి మాత్రమే రాత్రిపూట వాడుకోవచ్చు. తలుపులన్నీ తెరిచి, స్పీకర్లు వాకిట్లో పెట్టి, లాన్‌లో రిసెప్షన్ చేస్తే అది మూసిన చోటు కాదు. మండపం లోపలే మోగినా సరిహద్దు దగ్గర శబ్దం పరిమితి దాటకూడదు. మండపాల విషయంలో పెళ్లివారిని పట్టుకుని లాభం లేదు, వారు ఒక్క రాత్రికి వచ్చి వెళ్లిపోతారు. యాజమాన్యంతో మాట్లాడండి. బుకింగ్ కాగితంలోనే "పది తరువాత ఆరుబయట సౌండ్ లేదు" అన్న షరతు రాయించగలిగితే ముహూర్తాల కాలమంతా మీ వీధి నిద్రపోతుంది.

## కాగితం మీద ఫిర్యాదు

ఫిర్యాదు ఎవరి పేరున రాయాలి?

నిబంధనల ప్రకారం చర్య తీసుకునే అధికారులంటే జిల్లా మేజిస్ట్రేట్, పోలీసు కమిషనర్ లేదా డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి. తిరుపతిలో, చిత్తూరులో పోలీసు కమిషనర్ లేరు కాబట్టి డీఎస్పీ, అంటే సబ్ డివిజనల్ పోలీసు అధికారి పేరున రాసి, ఒక ప్రతి మీ స్టేషన్‌లో ఇవ్వండి. ఇంకో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకుని తెచ్చుకోండి. ముద్ర లేని కాగితం ఇవ్వనట్టే. తీసుకోవడానికి వెనకాడితే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

అందులో ఏం రాయాలి? ఒక నమూనా ఇవ్వగలరా?

ఒక పేజీ దాటకూడదు. మనుషుల గుణగణాల జోలికి పోకుండా తేదీలు, సమయాలు, చోటు, మీరు కోరేది రాయండి.

> తిరుపతి సబ్ డివిజనల్ పోలీసు అధికారి గారికి,
>
> అయ్యా,
>
> మేము ఫలానా వీధి నివాసులం. మా వీధి చివరి ఖాళీ స్థలంలో ఈ నెల ఫలానా తేదీల్లో రాత్రి 10 గంటల నుంచి 12.30 వరకు ఆరుబయట లౌడ్ స్పీకర్లు మోగాయి. ఇది శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000లోని 5వ నిబంధనకు విరుద్ధం. వీధిలో వృద్ధులు, పరీక్షలు రాస్తున్న విద్యార్థులు ఉన్నారు. మేము 112కు ఫోన్ చేసిన సమయాల పట్టిక జతచేశాం. ఈ స్థలంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు స్పీకర్లు మోగకుండా 8వ నిబంధన కింద రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వవలసిందిగా కోరుతున్నాం.
>
> ఇట్లు, సంతకాలు, ఇంటి నంబర్లు.

"కఠిన చర్యలు తీసుకోవాలి" అని రాసే బదులు ఇలా ఫలానా ఉత్తర్వు కావాలని రాస్తే, అధికారి ఏదో ఒక జవాబు చెప్పాల్సి వస్తుంది.

"పర్మిషన్ ఉంది" అంటున్నారు. నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

కాగితం చూపమని మర్యాదగా అడగండి. అందులో ఎన్ని గంటల వరకు అన్నది చూడండి. మైకు పర్మిషన్ అంటే రాత్రంతా మోగించే హక్కు కాదు. చూపకపోతే స్టేషన్‌లో అడగండి. అక్కడా తేలకపోతే సమాచార హక్కు చట్టం, 2005 కింద ఆ అనుమతి ప్రతి కోరుతూ దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి. ఆనాటి వేడుక ముగిసిపోయినా, మళ్లీ మళ్లీ మోగే చోటు విషయంలో ఆ కాగితం గట్టి ఆధారం.

మేం రుయా, స్విమ్స్ దగ్గర ఉంటాం. ఆసుపత్రి చుట్టూ నిశ్శబ్ద మండలం ఉంటుంది కదా?

ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ కనీసం 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. కానీ 2017లో వచ్చిన సవరణ తరువాత రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేస్తేనే ఆ హోదా వస్తుంది. కాబట్టి ఫిర్యాదులో "నిశ్శబ్ద మండలం" అన్న ఒక్క మాట మీదే ఆధారపడవద్దు. రాత్రి పది గంటల నిషేధానికి ఏ నోటిఫికేషనూ అక్కర్లేదు, దాన్ని ముందు రాసి, ఆసుపత్రి ఎంత దూరంలో ఉందో కింద రాయండి.

## మైకు కాని మోతలు

రాత్రిపూట బోరు వేస్తున్నారు, పక్క స్థలంలో కట్టడం పనులు. ఆపించవచ్చా?

నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మోత చేసే నిర్మాణ యంత్రాలు నడపకూడదు. బోరు బండి, మిల్లర్, రాయి కోసే మిషన్ అన్నీ ఇందులోకి వస్తాయి. 112కు చెప్పవచ్చు. బోరుకు వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం, 2002 కింద అనుమతి ఉందో లేదో కూడా అడగండి. బోరు బండి ఒకచోట పని ముగించుకుని ఇంకోచోటికి ఏ వేళకైనా వస్తుంది. కంప్రెసర్ మొదలయ్యాక ఆపించడం కష్టం. బండి వీధిలోకి రాగానే పొద్దున మొదలుపెట్టమని స్థలం యజమానికి చెప్పండి.

శ్లాబు వేసే రోజు మాత్రం కొంచెం ఓర్చుకోండి. కాంక్రీటు సగంలో ఆపితే అతుకు బలహీనపడుతుంది. ఏడాదిలో ఒకటి రెండు సాయంత్రాలకు మించదు.

లాడ్జి జనరేటర్ మా గోడ పక్కనే ఉంది.

2005 నుంచి తయారైన 1000 కేవీఏ వరకు డీజిల్ జనరేటర్లకు శబ్దం తగ్గించే పెట్టె ఉండాలి. పెట్టెకు ఒక మీటరు దూరంలో 75 డెసిబెల్స్ మించకూడదు. యాజమాన్యానికి కాగితం ఇచ్చి, ఫలితం లేకపోతే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి తిరుపతి ప్రాంతీయ కార్యాలయానికి రాయండి. గ్రానైట్ కోత యూనిట్లు, పిండి మరల వంటి రోజువారీ మోతలకూ దారి ఇదే. మండలి అధికారుల దగ్గర మీటర్లు ఉంటాయి, వచ్చి కొలవమని కోరండి.

హారన్లు, సైలెన్సర్ మార్చిన బైకులు?

ట్రాఫిక్ పోలీసులకు బండి నంబరు, సమయం, చోటు ఇవ్వండి. అనవసరంగా హారన్ కొడితే మోటారు వాహనాల చట్టం కింద మొదటిసారి 1,000 రూపాయలు, మళ్లీ చేస్తే 2,000 జరిమానా. శబ్ద ప్రమాణాలు దాటే బండి నడిపితే మూడు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లైసెన్సు మీద మూడు నెలల అనర్హత. రకరకాల స్వరాలతో కూసే హారన్లు అసలే నిషిద్ధం. నివాస ప్రాంతంలో రాత్రి పది తరువాత అత్యవసరమైతే తప్ప హారన్ కొట్టకూడదు.

పై అంతస్తులో కుర్చీలు లాగుతారు, పిల్లలు గెంతుతారు, కుక్క మొరుగుతుంది.

ఇది పోలీసుల దాకా వెళ్లే విషయం కాదు. కుర్చీ కాళ్లకు రబ్బరు తొడుగులు నాలుగు కొని మీరే ఇవ్వండి. అపార్ట్‌మెంట్ సంఘం సమావేశంలో అందరికీ వర్తించే వేళలు పెట్టించండి. పిల్లలు పగలు ఆడుకుంటారు, ఆడుకోనివ్వండి.

## ఏదీ ఫలించకపోతే

డీఎస్పీ కార్యాలయంలో కాగితం ఇచ్చాం, కదలిక లేదు. తరువాత ఎవరు?

సోమవారం కలెక్టరేట్‌లో, ఎస్పీ కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. అక్కడ అర్జీకి నంబరు ఇస్తారు, దాని ఆధారంగా ఎక్కడిదాకా వచ్చిందో అడగవచ్చు. వెళ్లేటప్పుడు పాత కాగితాల ప్రతులన్నీ తేదీల వరుసలో కుట్టి తీసుకెళ్లండి.

ఒకేచోట నిత్యం జరిగే మోతకు ఇంకో మార్గం ఉంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ప్రజాబాధను తొలగించమని ఆదేశించే అధికారం సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్‌కు, అంటే మన ఆర్డీఓకు ఉంది. పాత చట్టమైన సీఆర్‌పీసీలో ఇది 133వ సెక్షన్. ప్రజాబాధ అనాలంటే ఒక్క ఇంటి ఇబ్బంది చాలదు, వీధిలో చాలా ఇళ్ల సంతకాలు ఉండాలి.

కోర్టుకు వెళ్లడం దండగ కదా?

ఒక్క రాత్రి డీజే కోసం దండగే. ఏళ్ల తరబడి సాగే మోతకు మాత్రం కాదు. సివిల్ కోర్టులో శాశ్వత నిషేధాజ్ఞ కోరవచ్చు, ఆ దావా తేలేలోపు తాత్కాలిక ఉత్తర్వు కూడా అడగవచ్చు. పర్యావరణ చట్టం కిందికి వచ్చే విషయం కాబట్టి చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం కూడా వినగలదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. 15100కు ఫోన్ చేసి అడగండి. దావా వేయకముందే వారి దగ్గర ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడించే వీలుంది. పొరుగువారి గొడవలకు నాకు తెలిసి అదే మేలైన చోటు.

మోగించినవారికి శిక్ష ఎంత?

భారతీయ న్యాయ సంహిత 292వ సెక్షన్ కింద ప్రజాబాధకు 1,000 రూపాయల వరకు జరిమానా. ఆపమని అధికారి ఆదేశించాక కూడా కొనసాగిస్తే 293వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు సాధారణ జైలు లేదా 5,000 వరకు జరిమానా. అందుకే రాతపూర్వక ఉత్తర్వు సాధించడం అంత అవసరం. శబ్దం చేసే పరికరాలను స్వాధీనం చేసుకునే ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు 2005 తీర్పులో రాష్ట్రాలను ఆదేశించింది. జరిమానా కంటే సౌండ్ యజమానులు భయపడేది దీనికే.

ఫిర్యాదు చేశాక వీధిలో మాతో మాటలు మానేశారు.

ఇది నిజమైన బాధ, దీనికి సెక్షన్ లేదు. వారి ఇంట్లో శుభకార్యానికి పిలుపు రాకపోయినా మీ ఇంట్లో కార్యానికి మీరు పిలవండి. ఎదురుపడితే ముందు మీరే పలకరించండి. బెదిరింపులకు దిగితే మాత్రం మౌనంగా ఉండవద్దు, అదే రోజు విడిగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

## మీ ఇంట్లోనే వేడుక ఉంటే

మా అమ్మాయి పెళ్లి. సౌండ్ పెట్టుకోవాలని ఉంది, ఎవరికీ ఇబ్బంది కలగకూడదు. ఏం చేయాలి?

కొన్ని రోజుల ముందే స్టేషన్‌లో మైకు పర్మిషన్‌కు దరఖాస్తు ఇవ్వండి. సౌండ్ వారితో బేరం కుదిరేటప్పుడే పది గంటలకు ఆపాలని, బేస్ బాక్సులు రెండుకు మించవద్దని మాట తీసుకోండి. సాయంత్రం ఏడింటికి మొదలుపెడితే పదిలోపు మూడు గంటలు చేతిలో ఉంటాయి. రిసెప్షన్ ఆలస్యమై తొమ్మిదిన్నరకు పాటలు మొదలుపెట్టడం వల్లే చాలా గొడవలు వస్తాయి. ముహూర్తం తెల్లవారుజామున ఉంటే మంగళవాద్యాన్ని మూసిన హాలులో, మైకు లేకుండా పెట్టించండి. నాదస్వరం, డోలు మైకు లేకపోయినా మండపమంతా వినిపిస్తాయి.

శుభలేఖ ఇవ్వడానికి వెళ్లినప్పుడే అటూ ఇటూ నాలుగేసి ఇళ్లలో సౌండ్ సంగతి చెప్పి, మీ తమ్ముడిదో బావమరిదిదో ఒక ఫోన్ నంబరు ఇవ్వండి. ఆ రాత్రి ఎవరికైనా ఇబ్బందైతే 112 కంటే ముందు ఆ నంబరుకే చేస్తారు. ఆ ఫోన్ పట్టుకున్న మనిషి డీజే పక్కన నిలబడితే ఫోన్ మోగినా వినపడదు. వంటశాల వైపు ఉండమనండి.